అయిదో పాతకం



మన ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ ఉంది. ఆ ఊళ్ళో చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయం ఉంది. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొట్టమొదటిది ఆ గుడి ఆవరణలోని రాతి మీదే కనబడింది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాడును ఏలిన ఎరికల్ ముతురాజు ధనంజయుడి కాలం నాటిది అది. అందులో వచ్చే చిరుంబూరు మన చిలంకూరేనని చరిత్రకారులు అంటారు. తెలుగునాట రాజులు సంస్కృతంలోనో ప్రాకృతంలోనో తప్ప రాతి మీద రాయించని రోజుల్లో, మన అవ్వలు ఇంట్లో మాట్లాడిన మాటను రాతికెక్కించిన గడ్డ ఇది. ఈ సంగతి సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. అయితే ఆ రాయి ఏం చెప్తోందో మాత్రం అడగం.

రాయి దెబ్బ తినింది. నడుమ పంక్తులు చెరిగిపోయాయి. చివర మాత్రం ఒక శాపం మిగిలింది, పంచమహాపాతకమని. పాతకాలపు దాన శాసనాలు చాలావరకు ఇట్లాగే ముగుస్తాయి. ధర్మానికి ఇచ్చినదాన్ని చెరిపినవాడికి ఆ పాపం తగులుతుందని దాని తాత్పర్యం. ఇచ్చిన వివరాన్ని కాలం తుడిచేసింది గానీ, కాజేసినవాడి పాపాన్ని తుడవలేకపోయింది.

పంచమహాపాతకాలు ఏవని పెద్దలను అడిగితే వరసగా చెప్తారు. బ్రహ్మహత్య, సురాపానం, బంగారం దొంగిలించడం, గురుపత్నిని కోరడం. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి, నాలుగే అయ్యాయి. ఈ నాలుగింటిలో ఏదైనా చేసినవాడితో కలిసిమెలిసి తిరగడం అయిదోది. వాడి పాపంలో మనకు పాలు లేకపోయినా, వాడి పక్కన కూర్చుని నవ్వుతూ భోంచేస్తే చాలు. పాత ధర్మశాస్త్రాల్లో ఈ కాలానికి పనికిరానివి చాలా ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకు రాను. ఈ అయిదోదాన్ని లెక్కలో చేర్చినవాడికి మాత్రం మనిషి సంగతి బాగా తెలుసు. ఈ రోజు నేను మీతో మాట్లాడదలచుకున్నదంతా ఆ అయిదోదాని గురించే. దేవుడి కంటే డబ్బును ముందు పెట్టడం ఒక్కడు చేసే తప్పుగా మొదలవుతుంది. ఊరంతా వాడి పక్కన కూర్చున్న రోజున అది ఊరి తప్పవుతుంది.

కలమళ్ళ దగ్గరే ఆర్టీపీపీ ఉంది. 1,650 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. అక్కడ బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది, ఆ బూడిద సిమెంటు ఫ్యాక్టరీలకు కావాలి. 2024 నవంబరులో ఆ బూడిదను ఎవరి లారీలు తోలాలన్న దాని మీద ఇక్కడివాళ్ళకూ తాడిపత్రి వాళ్ళకూ తగాదా ముదిరింది. పోలీసులను దింపాల్సి వచ్చింది, సంగతి ముఖ్యమంత్రి దాకా పోయింది. ఎవరిది న్యాయమో తేల్చే పని నాది కాదు. నన్ను కలచింది వేరే. శివాలయంలో పూజారి చేతిలో పెట్టిన చిటికెడు విభూతిని నుదుట పెట్టుకుని, చివరికి మిగిలేది ఇదే సామీ అని ఒప్పుకుని బయటికి వస్తాం. గుడి దాటి పది అడుగులు వేయకముందే అదే బూడిద కోసం టన్నుల లెక్కన కొట్లాటకు దిగుతాం. ఆ రోజుల్లో రెండు పక్షాల వాళ్ళూ నుదుట బొట్టు పెట్టుకునే వచ్చుంటారు. రెండు పక్షాల వాళ్ళ లారీల అద్దాలకూ దేవుడి పటాలే ఉండుంటాయి.

ఇట్లా అన్నానని డబ్బు చెడ్డదని చెప్తున్నానేమో అనుకోవద్దు. 1876 నుంచి 78 దాకా పడిన ధాతు కరువు ఈ సీమను ఎట్లా తిన్నదో మన తాతలు వాళ్ళ తాతల నోట విన్నారు. జొన్నసంకటి ముద్ద కోసం పశువులను తెగనమ్ముకున్న ఇండ్ల బిడ్డలం. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడ పట్టుకున్న ఊళ్ళు ఇవి. నేల కింద నాపరాయి ఉండబట్టి, సున్నపురాయి ఉండబట్టి మూడు తరాలుగా చాలా ఇండ్లలో పొయ్యి వెలుగుతోంది. పాలిష్ ఫ్యాక్టరీలో రంపం కింద నీళ్ళు కారుతుంటే బండ అంచు పట్టుకుని నిలబడి బిడ్డను ఇంజనీరింగ్ చదివించిన తల్లికి, డబ్బు మాయ అమ్మా అని చెప్పే అర్హత నాకు లేదు. అట్లా చెప్పేవాడు తిండి కడుపు నిండా దొరికినవాడు.

నా పేచీ డబ్బు మీది ప్రేమతో. అవసరం తీరాక కూడా ఆగని ఆశతో. దేవుడికి, పక్కవాడికి, చివరికి సొంత బిడ్డకు ఇవ్వాల్సిన చోటును కూడా ఆక్రమించుకునే ఆ ప్రేమతో.

ఆ ప్రేమ ఎంత గుడ్డిదో చూడాలంటే మన ఫ్యాక్టరీల గేట్ల మీద మారిన బోర్డులు చాలు. మనం సీసీఐ అని పిలిచే ఫ్యాక్టరీని అదే పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ 1998లో ఇండియా సిమెంట్స్‌కు అమ్మింది. ఆ ఇండియా సిమెంట్స్ 2024 చివర్లో అల్ట్రాటెక్ చేతికి పోయింది. టెక్స్‌మాకో ఫ్యాక్టరీ జువారీ అయింది, ఆ జువారీ ఇటలీ కంపెనీ కిందికీ అక్కణ్ణుంచి జర్మనీ కంపెనీ కిందికీ పోయింది. వేల కోట్ల యజమానులే గేటు మీద పేరు నిలుపుకోలేకపోతుంటే, సెంటున్నర స్థలం కోసం అన్న మీద కేసు పెట్టిన తమ్ముడిది ఏ ధీమా?

ఈ మాటకు మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. "మేం దేవుడికేం తక్కువ చేసినాం? గోపురం కట్టించినాం, బండలు పరిపించినాం, తిరునాళ్ళకు లక్షలు పోస్తాన్నాం" అంటారు. నిజమే, పోస్తున్నారు. ఈ ఇరవై ముప్పై ఏండ్లలో కట్టినన్ని గుళ్ళు ఈ చుట్టుపక్కల ఇంతకు ముందు ఎప్పుడు కట్టారో చెప్పడం కష్టం. గుడి మెట్లు ఎక్కుతుంటే కాలి కింద దాతల పేర్లు, తల ఎత్తితే గోడ మీద దాతల పేర్లు. తిరునాళ్ళ ఫ్లెక్సీలో సామి బొమ్మ ఒక మూలకు ఒదిగి ఉంటుంది, మిగతా జాగా అంతా దాతలది, వాళ్ళ నాయకులది, ఆ నాయకుల కొడుకులది. సామికి ఆ మూల ఇచ్చినందుకే కృతజ్ఞత చూపాలేమో.

ఇచ్చే తీరు చూడండి. టెండరు దక్కితే ఇంత, కేసు గెలిస్తే ఇంత, స్థలం ధర పెరిగితే ఇంత. పని కానిదే పైసా రాలదు. ఆఫీసులో ఫైలు కదలడానికి మామూలు ఇచ్చే అలవాటునే గుడికీ తీసుకుపోతున్నాం. తేడా ఒక్కటే, ఇక్కడ పని అయ్యాక ఇస్తాం, అంతే. పైగా మనం తప్పుడు తూకంతో సంపాదించినా, కూలివాడి వారం డబ్బు ఎగ్గొట్టినా, అందులో వందకు ఒక రూపాయి హుండీలో వేస్తే మిగిలిన తొంభైతొమ్మిదీ శుద్ధి అయిపోతాయని మనసులో ఒక నమ్మకం. దీన్ని భక్తి అనడానికి నాకు నోరు రావడం లేదు. దేవుణ్ణి వాటాదారుగా చేర్చుకుని, ఆయన పేరు మీద వ్యాపారం చేయడం ఇది.

తిరుమలలోనే ఏమైందో పత్రికల్లో చదివాం. కోట్లమంది మొక్కుకుని వేసిన నోట్లు లెక్కపెట్టే పరకామణిలో, లెక్కింపు దగ్గర ఉండాల్సిన మనిషే 2023లో విదేశీ నోట్లు దొంగిలిస్తూ పట్టుబడ్డాడని కేసయింది. అదే ఏడు ఆ కేసు లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. 2025లో హైకోర్టు ఆ వ్యవహారం మీద సీఐడీ విచారణకు ఆదేశించింది. తప్పెవరిదో న్యాయస్థానం చూసుకుంటుంది. అంత పెద్ద సామి సన్నిధిలోనే ఇట్లా అయితే మన ఊరి రచ్చబండ దగ్గర జరిగేది చెప్పాలా? దేవుడి సొమ్ము తిన్నవాడు కొంత కక్కుతాడు, పెద్దమనుషులు తలలూపుతారు, "సరేలేబ్బా, ఊళ్ళోవాడు" అంటారు, అందరూ కలిసి టీ తాగి లేస్తారు. మరుసటి ఏడు తిరునాళ్ళలో ముందు కుర్చీ మళ్ళీ వాడికే. ఆ టీ తాగినవాళ్ళంతా అయిదో పాతకంలో వాటాదారులే.

ఇదే కడప జిల్లా గడ్డ మీద డబ్బును, దేవుణ్ణి వాటి వాటి చోట పెట్టి చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కథను కొంచెం నిదానంగా చెప్పాలి.

వావిలికొలను సుబ్బారావు 1863లో పుట్టారు. ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉద్యోగంలో చేరి, తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అయ్యారు. తెల్లదొరల కాలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే కరణం, మునసబు పరుగెత్తుకుంటూ ఎదురొచ్చేవాళ్ళు. శిస్తు లెక్క ఎవరి చేతిలో ఉంటుందో ఊరి బతుకు వాళ్ళ చేతిలో ఉండే రోజులు. ఆ కొలువులో ఉంటూనే ఆయన వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి దించే పనికి పూనుకున్నారు. పగలు శిస్తు, రాత్రి శ్లోకం. ఇరవైనాలుగు వేల పద్యాల ఆ రామాయణాన్ని ఏ జమీందారుకూ అంకితమివ్వలేదు. ఒంటిమిట్ట కోదండరాముడికి ఇచ్చారు. జనం ఆయనను ఆంధ్ర వాల్మీకి అన్నారు.

1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా చేరి 1920 దాకా పని చేశారు. గౌరవం, జీతం, పేరు, శిష్యులు, అన్నీ ఉన్న జీవితం. అక్కడితో ఆగి ఉంటే సాహిత్య చరిత్రలో రెండు పేజీలు దక్కేవి, మనవాళ్ళు విగ్రహం కూడా పెట్టేవాళ్ళు. ఆయన ఆగలేదు. అప్పటికి ఒంటిమిట్ట గుడి దీనంగా ఉంది. విజయనగర కాలంలో వెలిగిన గుడి, 1652లో ఆ దారిన పోయిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ చూసి మెచ్చుకున్న గోపురం. దాన్ని బాగుచేయించాలని ఈ పండితుడు ఒక టెంకాయ చిప్ప చేతబట్టి బిచ్చానికి బయలుదేరాడు.

ఆ దృశ్యాన్ని ఒక్కసారి తలచుకోండి. ఒకప్పుడు ఏ జిల్లాలో తన రాకకు జనం లేచి నిలబడ్డారో, ఆ జిల్లాలోనే, గడప గడపకూ చిప్ప చాపి నిలబడ్డాడు. మద్రాసులో తన దగ్గర చదువుకున్నవాళ్ళు ఉద్యోగాల్లో ఉన్నారు, ఒక ఉత్తరం రాస్తే చందా వచ్చేది. ధనవంతుణ్ణి ఒకణ్ణి పట్టుకుని ఆయన పేరు గోపురానికి పెడతామంటే పని ఇంకా తొందరగా అయ్యేది. మన కాలంలో చేస్తున్నది అదే కదా. ఆయన చిప్పను ఎన్నుకున్నాడు. చిప్పలో పేదవాడి కాసూ పడుతుంది, గొప్పవాడి రూపాయీ పడుతుంది, పడ్డాక ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ చిప్ప మీదే ఆయన ఒక శతకం చెప్పారు, దాని పేరు కూడా టెంకాయ చిప్ప శతకమే. అట్లా పోగైన డబ్బుతో గుడి బాగయింది, సామికి ఆభరణాలు అమరాయి. పండితుడు వాసుదాసు అయి, ఒంటిమిట్ట పక్క శృంగిశైలం మీద ఆశ్రమం కట్టుకుని తపస్సు చేసుకున్నాడు. 1936లో కన్నుమూశాడు.

రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆ గుడిలోనే ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలు జరిపిస్తోంది. పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు, వెన్నెల్లో కల్యాణం, టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం. అక్కడ కూర్చునే ప్రముఖుల్లో ఎంతమందికి ఆ చిప్ప గుర్తుంటుందో గానీ, అది లేకపోతే ఈ రోజు ఆ వైభవానికి అక్కడ నిలబడే చోటు ఎట్లా ఉండేదో ఊహించుకోండి. పోతన్న కూడా ఒంటిమిట్టవాడేనని మన జిల్లావాళ్ళు, కాదు బమ్మెరవాడని ఓరుగల్లువాళ్ళు వాదించుకుంటారు. ఆ తగువు పండితులకే వదిలేద్దాం. ఎక్కడివాడైనా భాగవతాన్ని నరులకు అంకితమివ్వలేదన్నది రెండు వైపులా ఒప్పుకున్న మాట. ఆయనను మనవాడని చెప్పుకోవాలంటే ఒంటిమిట్టలో విగ్రహం ఉంటే చాలదు, మన చేతలు కూడా సాక్ష్యం చెప్పాలి.

ఇట్లాంటివాళ్ళు పండితులే కానక్కరలేదు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి భూస్వామి. 1866 కరువులో ధాన్యం ధర ఆకాశానికి ఎక్కినప్పుడు గాదెలు మూసి కూర్చుంటే ఆయన ఆస్తి రెండింతలయ్యేది. గాదెలు తెరిచి వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పతకం సంగతి అటుంచండి, సీమ జనం నోట పాటగా మిగలడం ఏ పతకానికి తక్కువ? మన కాలానికి వస్తే అవధూత కాశినాయన ఉన్నాడు. ఆయన పేరు మీద మన జిల్లాలో ఒక మండలమే వెలిసింది. శిథిలమైన గుళ్ళు ఎత్తించాడు, ఎత్తించిన చోటల్లా పొయ్యి వెలిగించాడు. 1995లో ఆయన పోయినా ఆ పొయ్యిలు ఆరలేదు. జ్యోతిక్షేత్రంలో, అహోబిలంలో ఆయన పేరున ఉన్న సత్రాల్లో ఆకలితో వచ్చినవాణ్ణి ఎవరివాడివని అడగరు. రైతులు పండినదాంట్లో మూటకట్టి మోసుకుపోయి ఇచ్చి వస్తారు. అక్కడ రసీదు కోసం, ఫోటో కోసం నిలబడేవాళ్ళు తక్కువ.

హిందువుల మాటే చెప్తున్నానని ముస్లిం, క్రైస్తవ సోదరులు అనుకోవద్దు. ఈ విషయంలో మీ పెద్దలు మాకంటే ఖచ్చితంగా లెక్క కట్టి పెట్టారు. ఏడాదికి మిగిలినదాంట్లో నూటికి రెండున్నర జకాతు, అది దానం కాదు బీదవాడి హక్కు అన్నారు. దశమ భాగం ముందు తీసిపెట్టి తర్వాతే ఖర్చు మొదలుపెట్టమన్నారు. దేవుడికీ సిరికీ ఒకేసారి దాస్యం చేయడం కుదరదని ఏసుప్రభువు చెప్పిన మాటను ప్రతి ఆదివారం వింటున్నారు. వినడం వరకు మీరూ మేమూ సమానమే, ఆ తర్వాత కూడా సమానమే. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు బారులు తీరి పోతారు, బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు, ఆయన మా అల్లుడు అంటారు. ఒంటిమిట్టలో ఇమాంబేగ్ తవ్వించాడని చెప్పే బావి ఇప్పటికీ ఉంది. భక్తిలో ఇంత దగ్గరగా ఉండగలిగినవాళ్ళం, భక్తి పేరు మీద జరిగే తప్పును ఆపడంలో కూడా దగ్గరకు రాలేమా?

ఇక చేయాల్సిన పని.

దేవుడి మాన్యం నుంచి మొదలుపెడదాం. ఊరూరా గుడికి పూర్వులు రాసిచ్చిన మడి ఉంటుంది. దీపానికి నూనె, సామికి నైవేద్యం, పూజారికి గింజలు దాని మీదే నడవాలి. చాలాచోట్ల ఆ మడి ఎక్కడుందో పూజారికే తెలియదు, సాగుచేసేవాడికి తెలుసు గానీ చెప్పడు. కౌలు వేలంపాట రోజున పోటీకి ఎవరూ రాకుండా ముందు రాత్రే మాటలు అయిపోతాయి. పది బస్తాల కౌలు పలకాల్సిన చేను రెండు బస్తాలకు పోతుంది. ఆ రాత్రి మాట్లాడుకున్నవాళ్ళు మనకు తెలియదా? తెలుసు. ఎవరూ నోరెత్తరు. 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది, అధికారులు ఉన్నారు, అర్జీ పెట్టుకోవచ్చు. అయినా అర్జీ రాసే చేయి మొదట మన ఊళ్ళోనే లేవాలి. ప్రతి ఊరి గుడి గోడ మీద ఆ గుడి భూముల సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఈ ఏడు కౌలుదారు, కౌలు మొత్తం పెద్ద అక్షరాలతో రాయిద్దాం. దాతల పేర్లకు జాగా దొరికిన గోడ మీద దీనికీ దొరుకుతుంది.

ఆ పక్కనే తిరునాళ్ళ లెక్క. ఎంత వచ్చింది, బండలాగుడు బహుమతులకు ఎంత, పాటలబండికి ఎంత, అన్నదానానికి ఎంత. లెక్క రాసిన చోట తగాదా తగ్గుతుంది. లెక్క దాచిన చోటే వర్గం పుడుతుంది. మసీదుకూ చర్చికీ కూడా ఇదే మాట. కమిటీవాళ్ళు నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనివ్వండి. నీతిగా ఉన్నవాడికి ఇందులో నొప్పేముంది?

ఇంకొక మాట యజమానులకు, కాంట్రాక్టర్లకు. తిరునాళ్ళకు చందా రాసే ముందు మీ దగ్గర పని చేసేవాళ్ళ బాకీ చూడండి. రంపం దగ్గర దుమ్ము మింగుతూ నిలబడినవాడి వారం కూలి, లోడింగ్ హమాలీల ముఠా డబ్బు, డ్రైవర్ బత్తా, ఇవన్నీ తీరాకే చందా. వాళ్ళ డబ్బు ఆపి సామికి వెండి కవచం చేయిస్తే ఆ వెండి సామి ఒంటి మీద కాదు, మీ నెత్తి మీద కూర్చుంటుంది. చందా పుచ్చుకునే కమిటీ ఈ సంగతి అడిగే ధైర్యం తెచ్చుకోవాలి. "మీ కూలీలకు బాకీ ఉంది, తీర్చినాక రాండి రెడ్డీ" అని ఒక్క కమిటీ ఒక్కసారి అని చూస్తే చాలు, మరుసటి ఏటికి ఊళ్ళన్నీ మారతాయి. ఇది కష్టమని నాకు తెలుసు. సీమలో పెద్దమనిషిని పదిమందిలో ప్రశ్నించడం అంటే ఏమిటో తెలియనివాణ్ణి కాదు. అందుకే ఒక్కణ్ణి అడగమనడం లేదు. ఒక్కడు అడిగితే వాడు శత్రువు, నలభై ఇండ్లు అడిగితే అది కట్టుబాటు.

ఇంటి సంగతి ఇంతకంటే చిన్నది, ఇంతకంటే గట్టిది. మన అవ్వలు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్క కుండలో వేసేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ కుండలోది గుడికో, బిచ్చగాడికో, వీధిలో బాలింతకో పోయేది. మిగిలితే ఇద్దాం అనుకోలేదు వాళ్ళు, ముందే తీశారు. ఇప్పుడు జీతం పడగానే ముందు ఈఎంఐ పోతుంది, తర్వాత చీటీ పాట, తర్వాత ప్రొద్దుటూరు అంగట్లో బంగారం స్కీము. దేవుడి వంతు వచ్చేసరికి చిల్లర మిగులుతుంది, అది కూడా పండగ వస్తేనే. వరస మార్చండి. ఎంతన్నది మీ ఇష్టం, వందకు ఒకటైనా సరే, అది మొదట తీయండి. డబ్బుకు మన ఇంట్లో రెండో పీట వేయడం ఆ ఒక్క పనితో మొదలవుతుంది.

డబ్బే కాదు, పొద్దు కూడా. ఒకప్పుడు ఈ ప్రాంతంలో రామాలయం లేని వీధి, చెక్కభజన రాని కుర్రవాడు అరుదు. శనివారం రాత్రి భజన మందిరంలో హార్మోనియం పెట్టె తెరిస్తే రెడ్డి కొడుకూ కూలీ కొడుకూ ఒకే వరసలో కాలు కదిపేవాళ్ళు. ఆ అడుగుల్లో ఎవడి ఆస్తి ఎంతో కనబడేది కాదు. ఇప్పుడు ఆ మందిరాలు చాలావరకు తాళం వేసి ఉన్నాయి, ఏటా ఒకసారి తీసి సున్నం కొడతాం. పిల్లలకు ప్యాకేజీ ఎంత వస్తుందో ఎనిమిదో తరగతి నుంచే చెప్తున్నాం, ఆ డబ్బు వచ్చాక ఏం చేయాలో ఒక్కరోజూ చెప్పడం లేదు. తర్వాత వాడు ఆస్తి పంపకానికి వకీలుతో వస్తే నిర్ఘాంతపోతాం. నేర్పింది మనమే. తాళం తీయండి. వారానికి ఒక రాత్రి చాలు. పిల్లవాణ్ణి మీరే చేయి పట్టుకుని తీసుకుపోండి, పంపించి ఊరుకోవద్దు.

అన్నిటికంటే కష్టమైనది ఇప్పుడు చెప్తున్నాను. దేవుడి సొమ్ము తిన్నాడని ఊరంతా ఎరిగినవాణ్ణి, కూలీల నోరు కొట్టి మేడ కట్టినవాణ్ణి, మాన్యం కలిపేసుకున్నవాణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టడం మానేద్దాం. వాడికి తలపాగా చుట్టి తొలి టెంకాయ ఇవ్వడం మానేద్దాం. కొట్టమనడం లేదు, తిట్టమనడం లేదు, వెలివేయమని అసలే అనడం లేదు. ఈ సీమలో కత్తులు చూసింది చాలు. గౌరవం మాత్రం ఇవ్వొద్దు, అంతే. వాడు తిరిగి ఇచ్చిన రోజున, చేను గుడికి ఒప్పజెప్పిన రోజున, మనమే ఎదురుపోయి చేయి పట్టుకుని తీసుకొద్దాం. మనిషి మారడానికి దారి తెరిచి ఉంచాలి. మారనంత వరకు మన చప్పట్లు వాడికి దొరకకూడదు. డబ్బున్నవాడు అన్నీ కొనుక్కోగలడు. ఊరి గౌరవం కూడా అంగట్లో దొరుకుతుందని వాడు అనుకోవడానికి కారణం మనం దాన్ని అమ్ముతూ రావడమే.

ఎర్రగుంట్లకు రైలు జంక్షన్ ఉంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి, నేల కింద ఇంకా రాయి ఉంది. డబ్బు ఇంకా వస్తుంది, వద్దన్నా వస్తుంది. వచ్చేదాన్ని ఏ గుమ్మం దగ్గర ఆపాలో మనం ఇప్పుడే తేల్చుకోవాలి. రేపు శనివారం మీ వీధి గుడికి పోండి. శుక్రవారమైతే మసీదుకు, ఆదివారమైతే చర్చికి. దండం పెట్టుకున్నాక కమిటీవాళ్ళను లెక్కల పుస్తకం చూపించమని అడగండి. ఒక్కరే పోవద్దు, పదిమంది కలిసి పోండి. చూపిస్తే ఆ లెక్కను గోడ మీద రాయించండి. చూపించకపోతే వచ్చే వారం ఇరవైమందితో పోండి.